ఎవరి బూడిద

జనవరి 8

బాలనర్సింహ పన్నెండు సిమెంటు క్యూబులను పాల క్రేటులో పెట్టుకుని ఇవాళ మా కాలేజీకి వచ్చాడు. గేటు దగ్గర వాచ్‌మన్ పాలవాడనుకుని క్యాంటీన్ వైపు పంపించాడట. అక్కడ మూత తీసి చూసి నవ్వారట. ఆ సంగతి వాడే చెప్పి వాడే నవ్వాడు. ఇలాంటివాణ్ణి అవమానించడం కూడా కష్టమే.

శాలిబండలో మా గల్లీ చివర వాళ్ల బర్ల కొట్టం. వాళ్ల నాయన మా ఇంటికి పాలు పోసేవాడు, ఇప్పుడు బాలనర్సింహ భార్య పుష్పమ్మ పోస్తోంది. వీడేమో పదో తరగతి తప్పినవాడు. రెండు బర్లను అమ్మి సిమెంటు, ఇసుక వేసి మాలు కలిపే మిల్లర్ మిషన్ కొన్నాడు. సిమెంటులో మూడో వంతు తీసేసి, దాని బదులు కరెంటు కేంద్రంలో బొగ్గు కాల్చగా మిగిలిన బూడిద కలుపుతాడట. ముప్పై ఏళ్లుగా కాంక్రీట్ ల్యాబులో క్యూబులు పలగ్గొడుతున్న నాకు ఇదంతా విడమరిచి చెప్పాడు.

"ఉత్త సిమెంటు కంటె తక్కువ ఉండదన్నా. నువ్వు జర మిషన్ల పెట్టి చూడు. నీ చేతితోని రాసిస్తే గుడి కమిటీ ఒప్పుకుంటది."

గుడి అంటే మా కేశవస్వామి గుడి. తాతల నాటి నుంచి మా ఇంటివాళ్లే అర్చకులు. ఇప్పుడు మా అన్న నందకిశోర్ చేస్తున్నాడు. పోయిన వానల్లో గుడి ప్రహరీ కూలింది. కొత్త గోడ పని తనకిమ్మని బాలనర్సింహ కమిటీ చుట్టూ తిరుగుతున్నాడు. ఈ గోడ నిలబడితే గల్లీలో ఇంకో మూడు ఇళ్ల పని వాడికే ఇస్తారట. అవి వస్తే కొట్టం ఖాళీ చేసి అక్కడే కార్ఖానా పెడతాడట.

క్యూబులు పోసి ఇవాళ్టికి ఏడు రోజులు. మూడు మామూలువి, మూడు బూడిదవి పలగ్గొట్టాను. మామూలువి ఐదున్నర టన్నుల బరువు దగ్గర పగిలాయి. బూడిదవి నాలుగు కూడా దాటలేదు.

"చూసినవా?" అన్నాను. సంతోషంగానే అన్నాను. ఇది నా డైరీ, ఇక్కడ దాచుకోవడం దేనికి?

వాడి మొహం కొంచెం కూడా చిన్నబోలేదు. "ఏడు దినాలకు ఏం తెలుస్తదన్నా? బూడిద మెల్లగ పట్టుకుంటది. పోయినేడు గిట్లనే నాలుగు ముద్దలు చేసి, బర్ల నీళ్ల తొట్ల పడేసి మర్సిపోయిన. మూడు నెలలకు తొట్టి కడుగుతుంటె దొరికినయి. సుత్తెతోని కొట్టినా పగుల్లే. మిగిలినయి నీళ్లల్లనే ఉంచు. ఇరవై ఎనిమిది దినాలకు చూద్దాం. ఫికర్ చెయ్యకు."

నన్ను ఫికర్ చేయొద్దంటున్నాడు!

జనవరి 9

కాఫీ చేదుగా ఉంది. నా భార్య గోదాతో అన్నాను. పాలు అవే, పొడి అదే, నాలుకే మారినట్టుంది అంది.

జనవరి 29

మామూలువి: ఏడు పాయింట్ ఎనిమిది.

బూడిదవి: ఎనిమిది పాయింట్ ఒకటి.

మిషన్ తప్పేమోనని సున్నా సరిచేసి, మూడోదాన్ని ఇంకా నెమ్మదిగా నొక్కాను. అది ఎనిమిది పాయింట్ మూడు దగ్గర పగిలింది. కొత్తగా వచ్చిన లెక్చరర్ కీర్తిప్రియ మేడం పక్కనే నిలబడి ఉంది కాబట్టి రిజిస్టరులో రాయక తప్పలేదు.

"ఎవరి మిక్స్ రఘునాథ్ గారూ? చాలా బాగుంది కదా."

"తెలిసినవాళ్లది మేడం."

సాయంత్రం బాలనర్సింహకు కాగితం మీద ఆ అంకెలు రాసిచ్చాను. వాడు వీధిలోనే వంగి నా కాళ్లు పట్టుకున్నాడు. లే లే, అందరూ చూస్తున్నారు అన్నాను. అందరూ చూస్తున్నారో లేదో ముందే చూసుకున్నాను కూడా.

జనవరి 31

ఇది ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

పందొమ్మిదేళ్ల కింద నేను కూడా బూడిద కలిపాను. ఇదే ల్యాబులో, ఇదే బూడిద, దాదాపు ఇదే పాళ్లు. అప్పటి హెడ్డును బతిమాలి ఒప్పించాను. తొమ్మిది క్యూబులు పోశాను. ఏడో రోజు ఆయన ముందు మూడు పలగ్గొడితే మట్టి ముద్దల్లా పోయాయి. ఆయన విద్యార్థులందరి ముందు నవ్వాడు. "రఘునాథ్, నువ్వు మిషన్ తుడుచుకో చాలు" అన్నాడు. మిగిలిన ఆరింటిని నేనే తీసుకెళ్లి చెత్తకుప్పలో పారేశాను. ఇంకా ఇరవై ఒక్క రోజులు నీళ్లలో ఉంచితే చాలు. ఉంచలేదు.

బూడిద ఆలస్యంగా బలపడుతుందని అప్పటికే ల్యాబు బీరువాలోని పుస్తకంలో ఉందట. ఆ పుస్తకం నేను తెరవలేదు. బాలనర్సింహ ఏ పుస్తకమూ తెరవలేదు. వాడు తొట్టిలో పడేసి మర్చిపోయాడు, అంతే. మర్చిపోవడం కూడా ఒక తెలివేనా? బర్రెలు చేసిపెట్టిన ప్రయోగానికి వాడి పేరు.

ఫిబ్రవరి 11

గోడ పూర్తయింది. పైన గిలాబు పూత కూడా అయింది. చెయ్యి పెట్టి చూశాను, నున్నగా ఉంది. వాడు రోజుకు మూడుసార్లు గోనెసంచులు కప్పి నీళ్లు కొడుతున్నాడు. అన్న వాడికి అందరికన్నా ముందు తీర్థమిచ్చి, శఠగోపం పెట్టాడు.

కమిటీ ప్రెసిడెంటు వేణుగోపాల్ నా భుజం తట్టి, "మన బాలనర్సింహ ఇంజనీర్ అయిపోయిండు రఘునాథ్ గారూ" అన్నాడు. ముప్పై ఏళ్లలో నన్ను ఒక్కరంటే ఒక్కరు ఆ మాట అనలేదు. నేను కూడా నవ్వాను. నవ్వక ఏం చేస్తాను?

ఫిబ్రవరి 13

ఇవాళ్టి మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే నాకైనా స్పష్టంగా తెలియాలి.

పొద్దున కాఫీ ఇస్తూ గోదా అడిగింది: "ఏమండీ, గుడి గోడల బాలనర్సింహ ఏదో కలిపిండట గదా. ఏం కలిపిండు?"

"బూడిద."

మేం నామం పెట్టుకునేవాళ్లం. విభూతి సైతం మా గడప దాటి లోపలికి రాదు. గోదా మొహం అప్పుడే మారింది.

"ఏం బూడిద?"

"కాల్చగా మిగిలింది."

"ఎక్కడికెళ్లి తెస్తడు?"

"పురానాపూల్ దిక్కు నుంచి ట్రాలీ ఆటోలో వస్తుంది."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. బూడిద సంచులు అమ్మే గోడౌన్ కార్వాన్‌లో ఉంది. కార్వాన్ నుంచి మూసీ దాటి మా వైపు రావాలంటే పురానాపూల్ దగ్గరే దాటాలి. ఎవరైనా అలాగే వస్తారు. కానీ మా గల్లీ ఆడవాళ్లకు పురానాపూల్ అంటే ఒకటే అర్థం. ఎవరైనా పోతే "పురానాపూల్ తీస్కపోయిన్రు" అంటారు. అక్కడి శ్మశానం తప్ప వాళ్లకు ఆ వంతెనతో వేరే పని లేదు.

గోదా చేతిలో గ్లాసు ఆగిపోయింది. కార్వాన్ అనే మాట ఒక్కటి కలిపితే సరిపోయేది. ఆమె అడగలేదు. నా కాఫీ చల్లారిపోతోంది.

ఫిబ్రవరి 14

గోదా పొద్దున్నే రాజమణి ఇంటికి వెళ్లింది. రాజమణి గుడికి పూలమాలలు కట్టే మనిషి, రోజుకు ముప్పై ఇళ్ల గడపలు ఎక్కుతుంది.

ఫిబ్రవరి 18

నేనన్న మాట ఐదు రోజుల్లో నా దగ్గరికే తిరిగి వచ్చింది, బాగా బలిసి వచ్చింది. కిరాణా కొట్టు దగ్గర ఎవరో నాకే చెప్పారు. శవాల బూడిదట. బస్తాల లెక్కన తెస్తున్నాడట. గోడ గిలాబులో ఎముక ముక్క కూడా కనిపించిందట.

వెళ్లి చూశాను. అది సున్నం గడ్డ. పిల్లవాడికైనా తెలుస్తుంది. గోడ చుట్టూ ఏడెనిమిది మంది ఉన్నారు. నేను కళ్లజోడు పెట్టుకుని దగ్గరగా చూశాను, వాళ్లంతా నా మొహం చూశారు. నేను కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని వచ్చేశాను.



ఫిబ్రవరి 20

పుష్పమ్మ పాలు తెస్తే గోదా తలుపు సగమే తీసింది.

"రేపటి సంది వద్దు పుష్పమ్మా. ప్యాకెట్ తెచ్చుకుంటున్నం."

"ఎందుకమ్మా? ఇరవై ఏండ్ల సంది పోస్తున్న. పాలల్ల ఏమున్నది?"

"పాలల్ల ఏం లేదు. నీ చేతులల్ల ఉన్నది."

పుష్పమ్మ తన చేతులు చూసుకుంది. నేను పేపరు చాటు నుంచి చూస్తున్నాను. ఆమె అరుస్తుందనుకున్నాను, లొల్లి చేస్తుందనుకున్నాను. క్యాను ఎత్తుకుని వెళ్లిపోయింది, అంతే. గోదా ఇంత పదునుగా మాట్లాడగలదని పెళ్లయిన ముప్పై రెండేళ్లలో నాకు తెలియలేదు.

గల్లీలో ఇప్పటికి పద్దెనిమిది ఇళ్లు పాలు మానేశాయట.

ఫిబ్రవరి 23, ఆదివారం

గుడి మండపంలో కమిటీ కూర్చుంది. ముప్పై నలభై మంది వచ్చారు.

బాలనర్సింహ చేసిన పని చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. తన మాట రుజువు చేసుకోవడానికి బూడిద సంచి భుజాన వేసుకుని సరాసరి మండపంలోకి తెచ్చాడు! "చూడుండ్రి, ముట్టుకోని చూడుండ్రి, గిది బొగ్గు బూడిద" అంటూ గుప్పెడు తీసి చేయి చాపాడు. సంచి మూతి జారి ఇంత బూడిద స్వామివారి ఎదురుగా రాళ్ల మీద పడింది. ముందు వరుసలో ఉన్నవాళ్లు పంచెలు ఎత్తుకుని వెనక్కి గెంతారు. ఆడవాళ్లు ముక్కులు మూసుకున్నారు. అప్పటిదాకా నమ్మనివాళ్లు కూడా అప్పుడు నమ్మారు. బర్ల కొట్టంలో పెరిగినవాడికి ఏది ఎక్కడికి తేకూడదో ఎలా తెలుస్తుంది?

వేణుగోపాల్ అందర్నీ కూర్చోబెట్టాడు. అప్పుడు బాలనర్సింహ నా వైపు తిరిగాడు.

"రఘునాథన్నకు ఎరుకే. ఆయననే మిషన్ల పెట్టి చూసిండు. చెప్పన్నా, గిది ఏం బూడిదనో నువ్వే చెప్పు. నీ మాట ఇంటరు."

అందరూ నా కోసమే ఆగారు. మా అన్న కూడా గర్భగుడి గడప దగ్గర హారతి పళ్లెం పట్టుకుని ఆగాడు. నా జన్మలో నా మాట కోసం ఇంతమంది ఎదురుచూడలేదు.

"మిషన్ గట్టిదనం చెప్తుంది" అన్నాను. "ఎవరి బూడిదో చెప్పదు."

'ఎవరి' అన్నాను. 'దేని' అనాల్సింది. నోట్లోంచి అలా వచ్చింది. ఆ మాటకు వెనక నుంచి ఒక ముసలామె ఏడవడం మొదలుపెట్టింది. పోయిన నెలే ఆమె భర్తను పురానాపూల్ తీసుకెళ్లారు.

బాలనర్సింహ నోరు తెరిచి నన్ను చూస్తూ నిలబడ్డాడు. బూడిద ఇంకా వాడి గుప్పిట్లోనే ఉంది.

గోడ తీసేయాలని, సంప్రోక్షణ చేయాలని తేల్చారు. ఏ మేస్త్రీ కూడా దాన్ని ముట్టనన్నాడు. కట్టినవాడే పడగొట్టాలన్నారు.

ఫిబ్రవరి 27

మూడు రోజులు పట్టింది.

మొగుడూ పెళ్లామూ ఇద్దరే. వాడు కొడుతున్నాడు, ఆమె పాల బండిలో రాళ్లు ఎత్తి పోస్తోంది. ఎవరూ చెయ్యి సాయం చేయలేదు, ఎవరూ మంచినీళ్లు ఇవ్వలేదు. పిల్లలు అరుగుల మీద కూర్చుని చూశారు.

రోజూ స్కూటరు ఆపి నేనూ చూశాను. వృత్తి అలాంటిది. ఇరవై రోజులు కూడా సరిగ్గా నిండని గోడ. సమ్మెట వేస్తే ఎగిరి వెనక్కి వచ్చింది. చాలాచోట్ల ఇటుక పగిలింది కానీ మాలు పగల్లేదు. రెండో రోజు కమిటీవాళ్లు డ్రిల్లు మిషన్ అద్దెకు తెప్పించాల్సి వచ్చింది. ఎనిమిది దాటే ఉంటుంది, తొమ్మిది కూడా ఉండొచ్చు. నా సర్వీసులో అంత చక్కటి మాలు నేను చూడలేదు. ఈ మాట చెప్పగలిగినవాణ్ణి ఆ గల్లీలో నేనొక్కణ్ణే.

బాలనర్సింహ నన్ను చూసి సమ్మెట దించాడు. కనురెప్పల మీద కూడా దుమ్ము.

"దుమ్ము లేస్తుందన్నా. నీకు ఆయాసం గదా, జర అటు దిక్కు నుంచి పో."

నాకు ఆయాసం ఉందని వాడికి ఎవరు చెప్పారు?

మార్చి 3

అన్నయ్య పిలిపించాడు. గుడిలో ఎవరూ లేరు.

"రఘూ, నేను కార్వాన్ పోయిన. గోడౌన్ల చూసిన, లారీ కాగితాలు చూసిన. అది కరెంటు బూడిదనే."

"గోడ పడగొట్టకముందు పోవాల్సింది" అన్నాను.

"అప్పుడే పోయిన. కమిటీ కూసున్న మర్నాడే పోయిన."

నాకు కాసేపు అర్థం కాలేదు. "మరి ఎందుకు పడగొట్టనిచ్చినవ్?"

"నలుగురి ముంగట నువ్వొక మాటన్నవ్. అది తప్పని నేనెట్ల చెప్పాలె? రేపు గుడిల మన ఇంటి మాట ఎవరింటరు? బాలనర్సింహ ఇంటికి పోయి రెండు చేతులు పట్టుకున్న. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. 'మీరు గంత దూరం వచ్చి అడగాల్నా అయ్యా, పడగొడత' అన్నడు."

"నేను తెలిసే అన్నానని వాడికి తెలుసా?"

"తెలుసు."

ఆ తర్వాత అన్నయ్య దీపం ఒత్తి సరిచేస్తూ కూర్చున్నాడు. ఆయన సంప్రోక్షణ కూడా తెలిసే చేశాడన్నమాట. మంత్రాలు ఒక్క అక్షరం పొల్లు పోకుండా చదివాడు.

నేను అడిగానా? నా పరువు కాపాడమని వీళ్లను నేను అడిగానా? మూడు రోజులు వాడు సమ్మెట వేసింది నా కోసమట! వీధిలో నేను స్కూటరు ఆపినప్పుడల్లా వాడు నన్ను చూసి జాలిపడ్డాడన్నమాట. పాలు పోసేవాడి కొడుకు నన్ను క్షమించాడు. ఒళ్లు మండిపోతోంది.

మార్చి 11

కీర్తిప్రియ మేడం పాత రిజిస్టరు తిరగేస్తూ జనవరి అంకెల దగ్గర ఆగింది. ఆ మిక్స్ ఎవరిదో చెప్పాల్సిందేనని పట్టుబట్టింది. చెప్పాను. అదే రోజు సాయంత్రం స్కూటీ వేసుకుని వాడి కొట్టానికి వెళ్లిందట. ఈ కాలం ఆడపిల్లలకు బర్ల కొట్టంలోకి వెళ్లడానికి కూడా భయం లేదు.

కాలేజీ కొత్త హాస్టల్ గిలాబు మొత్తం ఆ మాలుతో చేయిద్దామని ప్రిన్సిపాల్‌తో మాట్లాడిందట. ఈసారి ల్యాబులోనే క్యూబులు పోసి, ఇరవై ఎనిమిది రోజులకు అంకె సరిగ్గా వస్తే పని బాలనర్సింహదే.

గోడ నిలబడితే పని ఇస్తామన్న ఆ మూడు ఇళ్లవాళ్లూ వద్దన్నారు. ఇంకో నాలుగు బర్లను అమ్మేశాడు. పాలు కొనే ఇల్లు గల్లీలో ఒక్కటి లేదు. వాడికి ఇక మిగిలింది ఈ హాస్టల్ ఒక్కటే.

మార్చి 18

వాడు ల్యాబులోకి చెప్పులు విడిచి వచ్చాడు. మేడం వాడికి కుర్చీ వేయించింది. "పాళ్లు మీరే చెప్పండి సార్, నేను రాసుకుంటాను" అంది.

సార్!

బర్లకు దాణా కలిపినట్టు చేత్తోనే కలిపాడు. ఆరు బూడిదవి, ఆరు మామూలువి పోశాం. బూడిదవాటి మీద 'బూ' అని, మామూలువాటి మీద సాదా అని గుర్తుకు 'సా' అని నేనే రాశాను. ఏడు రోజుల పరీక్ష వద్దు, ఒకేసారి ఇరవై ఎనిమిదికి చూద్దామని మేడమే అంది. ఆమె బీరువాలోని ఆ పుస్తకం చదివినట్టుంది.

మేడం ఫోనులో మాట్లాడుతుంటే వాడు నా దగ్గరికి వచ్చాడు. గోడ మాట ఎత్తుతాడనుకుని సిద్ధంగా ఉన్నాను. ఎత్తలేదు.

"అన్నా, నీళ్లు ఒక్కటి తగ్గనియ్యకు. గంతే."

మార్చి 30, ఉగాది

సెలవుల్లో ల్యాబు తాళాలు నా దగ్గరే ఉంటాయి. క్యూబుల తొట్టి నాచు పట్టింది. ఎప్పుడో ఒకప్పుడు కడగాల్సిందే కదా అని ఇవాళ నీళ్లు వదిలేశాను. బకెట్లో ఆరు క్యూబులే పట్టాయి. ముందు చేతికి అందినవి 'సా' రాసినవి. మిగిలిన ఆరింటిని డాబా మీద పెట్టాను.

మధ్యాహ్నానికి తొట్టి కడిగి నీళ్లు పట్టి బకెట్లోవి అందులో వేశాను.

ఏప్రిల్ 6

డాబా మీదవి తెచ్చి తొట్టిలో వేయడం మర్చిపోయాను.

మర్చిపోయే కదా వాడు గెలిచింది.

ఏప్రిల్ 10

ఎండ నలభై ఒకటి. ఏవో పనులుండి డాబా మీదికి వెళ్లాను. కాలు పెట్టలేకపోయాను. చెప్పులు వేసుకుని వెళ్లి, లెక్క చూసి వచ్చాను. ఆరూ ఉన్నాయి.

ఏప్రిల్ 15

పొద్దున ఏడింటికే ల్యాబు తెరిచి ఆ ఆరింటినీ తొట్టిలో వేశాను. ఒక్కసారిగా నీళ్లలోంచి బుడగలు లేచాయి, చాలాసేపు లేస్తూనే ఉన్నాయి. పది గంటలకు బయటికి తీస్తే పైన తడిగానే ఉన్నాయి.

బాలనర్సింహ తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పుష్పమ్మ కూడా వచ్చి గుమ్మం బయట నిలబడింది. చేతిలో ఏదో డబ్బా ఉంది, మిఠాయి అయి ఉంటుంది.

'సా': ఏడు పాయింట్ తొమ్మిది.

'బూ': నాలుగు పాయింట్ రెండు. నాలుగు. మూడు పాయింట్ తొమ్మిది. నాలుగు పాయింట్ ఒకటి. ఆరూ అంతే.

మేడం డయల్‌నే చూస్తోంది. ఒక్కో క్యూబుకు ఆమె గొంతు తగ్గింది. "జనవరిలో ఎనిమిది వచ్చింది కదండీ. ఒకసారి అలా, ఒకసారి ఇలా వస్తే పిల్లలుండే బిల్డింగుకు నేను ఎలా సంతకం పెట్టను? సారీ సార్" అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

బాలనర్సింహ డయల్ చూడలేదు. పగిలిన ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. అంచు చుట్టూ వేలి మందాన నల్లగా తడి. నడుమ అంతా తెల్లగా, ఎండిపోయి. బొటనవేలితో ఆ తెలుపును రాశాడు, పొడి రాలింది. ఇంకో ముక్క తీశాడు. అదీ అంతే. 'సా' ముక్క తీసి చూశాడు. అది లోపలిదాకా నల్లగా, తడిగా ఉంది.

తన నీళ్ల సీసా మూత తీసి, ఆ తెల్లటి నడుమ మీద కొన్ని చుక్కలు పోశాడు. అవి పడీపడగానే ఇంకిపోయాయి.

"నీళ్లు లేక దూపగొన్నయన్నా" అన్నాడు. నాకు మాత్రమే వినిపించేంత మెల్లగా. "నోరులేని వాటిని గట్ల ఎండ పెడతరా?"

ఇక చెప్పేస్తాడనుకున్నాను. మేడం రెండడుగుల దూరంలో ఉంది. ముక్క ఆమెకు చూపిస్తే చాలు, నోరు తెరిచి ఒక మాట కూడా చెప్పక్కర్లేదు.

వాడు ముక్కను జేబులో వేసుకున్నాడు. "నా కలుపుడుల ఏదో తప్పయినట్టున్నది మేడం" అని దండం పెట్టి బయటికి నడిచాడు. పుష్పమ్మ డబ్బాను కొంగు కింద పెట్టుకుంది.

రిజిస్టరులో మిషన్ చూపించిన అంకెలే రాశాను. ఒక్క అంకె కూడా మార్చలేదు.

ఏప్రిల్ 19

మిగిలిన బర్లను అమ్మేశారు. సైదాబాద్ దగ్గర ఎవరిదో అపార్ట్‌మెంటు కడుతుంటే అక్కడ బాలనర్సింహ వాచ్‌మన్‌గా కుదిరాడు. స్లాబులకు నీళ్లు కొట్టే పని కూడా వాడిదే. పుష్పమ్మ ఇటుకలు మోస్తుందట.

వెళ్లేముందు పొద్దున మా ఇంటికి వచ్చాడు. గోదా లోపలికి వెళ్లిపోయింది. వాడు గడప బయటే నిలబడ్డాడు, నేను లోపల నిలబడ్డాను.

"మేడంకు చెప్పలేదన్నా" అన్నాడు. "ఎప్పటికి చెప్ప. చెప్తే నీ నౌకరి పోతది. రిటైరయ్యేటందుకు నీకింకా రెండేండ్లున్నది గదా. గీ వయసుల నిన్ను ఎవరు పెట్టుకుంటరు?"

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహంలోకి వెతికి వెతికి చూశాను. లేదు. నిజంగానే నా ఉద్యోగం గురించి దిగులు పడుతున్నాడు.

నేను తలుపు వేసేశాను. గడియ పెట్టి దానికి వీపు ఆనించి, వాడి అడుగుల చప్పుడు గల్లీ మలుపు తిరిగేదాకా నిలబడ్డాను.

వాడు చెప్పేసి ఉంటే బాగుండేది. మేడం నన్ను తిట్టి, ఉద్యోగం తీసేసి, గల్లీ అంతా ఉమ్మేసి ఉంటే బాగుండేది. అప్పుడు నేను వాణ్ణి రోజూ తిట్టుకుంటూ హాయిగా బతికేవాణ్ణి. ఇప్పుడు ఆ దరిద్రుడు నాకు ఆ ఒక్క దారి కూడా లేకుండా చేసిపోయాడు.

సోమవారం నుంచి నేను కాలేజీకి వెళ్లే దారిలో, ఎడమవైపు ఆ అపార్ట్‌మెంటే. పొద్దున ఎనిమిదింటికి నేను దాటే వేళకు వాడు నీళ్లు కొడుతూ ఉంటాడు. నన్ను చూస్తే నమస్తే పెడతాడు.